మీటర్లు బిగించాక ఫ్యూజు పోతోంది, కీ తీసినా ఇంజిన్ ఆగట్లేదు: ఎక్కడ వెతకాలి

ముందు పార్కింగ్ లైట్లకు మీరు పెట్టిన ఆ 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు తీసేయండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదవొచ్చు. పార్కింగ్ లైట్ల ఫ్యూజు మాటిమాటికీ పోతోందని, ఎవరో చెబితే 30 ఆంపియర్లది పెట్టానని రాశారు. ఫ్యూజు ఉన్నది మీటరును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. డాష్‌బోర్డు లైట్లకు వెళ్లే వైరు సన్నగా ఉంటుంది. దాని వెనక 30 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే, తేడా వచ్చినప్పుడు ముందు కాలేది వైరు మీది ప్లాస్టిక్. ఫ్యూజు తాపీగా చూస్తూ కూర్చుంటుంది. ఫ్యూజు బాక్సు మూత మీద ఏ అంకె ఉంటే అదే పెట్టండి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. సమస్య తేలేదాకా రాత్రిపూట ఆ బండి తీయకండి. ఇంట్లో నిలిపి ఉంచేటప్పుడు బ్యాటరీ నెగటివ్ లగ్గు (వైరు కొనకు ఉండే బిళ్ల) విప్పి పక్కన పెట్టండి.

మీరు రాసింది ఒకసారి నా మాటల్లో చెబుతాను, నేను ఏమైనా తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి. బండి 2006 పెట్రోల్ జిప్సీ. పోయినేడు ఒక డిజిటల్ వోల్ట్ మీటరు పెట్టించారు. ఈమధ్య దాని పక్కనే నీటి టెంపరేచర్ మీటరు, ఆయిల్ ప్రెషర్ మీటరు, రెండూ 52 మిల్లీమీటర్లవి, ఒక యాక్సెసరీస్ షాపులో బిగించారు. అప్పటినుంచి పార్కింగ్ లైట్ల ఫ్యూజు పోతోంది, అదీ సాయంత్రం ఇంటికొచ్చి బండి ఆపేటప్పుడే. పగలు ఒక్కసారీ పోలేదు. ఒక్కోసారి ఫ్యూజు పోదు గానీ కీ తీసినా ఇంజిన్ ఆగదు, లైట్ స్విచ్ ఆపగానే ఆగిపోతుంది. హెడ్‌లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు దాదాపు పది డిగ్రీలు పైకి పోతుంది, ఇండికేటర్ వేస్తే దానితోపాటు ఊగుతుంది. వారం కదలకపోతే సెల్ఫ్ తిరగట్లేదు. కీ తిప్పగానే వెలగాల్సిన ఆయిల్ బొమ్మ కంపెనీ మీటర్ల పలకలో (క్లస్టర్‌లో) వెలగట్లేదు. షాపువాళ్లు మాత్రం మీటర్లు డూప్లికేట్, వేరేవి కొనుక్కోండి అంటున్నారు.

కొనకండి. ఇలాంటి మీటరు తాగే కరెంటు ఆంపియరులో పదో వంతు అటూఇటూ ఉంటుంది. మూడూ కలిపినా అర ఆంపియరు దాటడం కష్టం. అంత చిన్న వస్తువు లోపల చెడిపోతే అది పనిచేయడం మానేస్తుందంతే, ఇంజిన్‌ను ఆగనివ్వకుండా చేయలేదు. మీరు చెప్పిన ఐదు లక్షణాలకూ కారణం కరెంటు ఎక్కడినుంచి తీశారు, ఎర్తు ఎక్కడ ఇచ్చారు, సెండర్ (ఇంజిన్ దగ్గర ఉండి వేడినో ఒత్తిడినో మీటరుకు చేరవేసే ముక్క) ఎలా బిగించారు అన్న మూడింట్లోనే ఉంది. ఇంకో మాట, ఇవి ఒకే జబ్బు కాదు. కనీసం మూడు వేర్వేరు తప్పులు ఒకే రోజు బండిలోకి ఎక్కాయి. అందుకే ఒకటి సరిచేసి మిగతావీ పోతాయేమోనని చూస్తే నిరాశే మిగులుతుంది.

ఫ్యూజుతో మొదలుపెడదాం. మీరు రాసినవాటిలో నాకు బాగా పనికొచ్చిన వాక్యం "లైట్ స్విచ్ ఆపగానే ఇంజిన్ ఆగుతుంది" అన్నది. దానితో సగం పని అయిపోయింది.

మీటరు వెనక సాధారణంగా నాలుగు వైర్లు ఉంటాయి. ఎర్తుకు నలుపు. కీ తిప్పితే కరెంటు వచ్చే లైనుకు ఎరుపు. పార్కింగ్ లైటు వేసినప్పుడు మీటరు వెలుగు తగ్గడానికో రంగు మారడానికో ఒకటి, ఎక్కువగా నారింజ. సెండర్‌కు ఒకటి. రంగుల్ని మాత్రం నమ్మకండి. కొన్ని మీటర్లలో ఎరుపు కీ లైను, నారింజ పార్కింగ్ లైను. ఇంకొన్నింట్లో ఎప్పుడూ కరెంటు ఉండే లైను కూడా విడిగా అడుగుతారు, దానికి ఏ రంగు ఇచ్చారో కంపెనీకే తెలియాలి. డబ్బాలో వచ్చిన కాగితం ఉంటే దాన్నే చూడండి. లేకపోతే మీటరు వెనక సాకెట్ దగ్గర అక్షరాలు అచ్చువేసి ఉన్నాయేమో చూడండి.

మీ బండిలో జరిగింది ఇదని నా అంచనా. పోయినేడు పెట్టిన వోల్ట్ మీటరు నారింజ వైరును పార్కింగ్ లైట్ల లైనుకు సరిగ్గానే కలిపారు. ఈసారి రెండు మీటర్లు పెట్టినప్పుడు, వాటి లైటు పగలు కూడా వెలగాలని ఎరుపు, నారింజ రెండూ కలిపి మెలిపెట్టి కీ లైనుకు ఇచ్చారు. అంతవరకు ఫర్వాలేదు. కానీ మూడు మీటర్ల నారింజ వైర్లూ ఒక గుత్తిగా కట్టారు. దాంతో కీ లైనూ పార్కింగ్ లైనూ మీటర్ల వెనక శాశ్వతంగా కలిసిపోయాయి. రెండు బోర్ల పైపుల్ని మధ్యలో వాల్వు లేకుండా కలిపితే ఏ మోటారు వేసినా రెండు పైపుల్లోకీ నీళ్లు పోతాయి కదా, అదే ఇక్కడా జరుగుతోంది.

ఇప్పుడు మీ సాయంత్రాలు చూడండి. కీ ఆన్‌లో ఉంది, పార్కింగ్ లైటూ ఆన్‌లో ఉంది. రెండు వైపులా 12 వోల్టులే కాబట్టి ఆ జాయింట్ గుండా పెద్దగా ఏమీ ప్రవహించదు. దారంతా బండి బాగానే నడుస్తుంది. ఇంటికొచ్చి, లైట్లు ఆపకుండా ముందు కీ తీస్తారు. ఇగ్నిషన్ స్విచ్ నుంచి రావాల్సిన కరెంటు ఆగిపోయింది, కానీ పార్కింగ్ లైట్ల ఫ్యూజు ద్వారా, ఆ సన్న నారింజ వైరు గుండా, కీ లైను మొత్తానికి వెనకనుంచి కరెంటు వస్తోంది. ఇంజిన్‌కు కీ తీసినట్టే తెలియదు. కీ లైను మీదే తర్వాత క్యాబిన్ ఫ్యాను కూడా పెట్టించానన్నారు కదా, అది తిరుగుతుంటే ఆ బరువంతా పార్కింగ్ ఫ్యూజు మీద పడి ఫ్యూజు పోతుంది. ఫ్యాను ఆపి ఉంటే ఫ్యూజు తట్టుకుంటుంది, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పగలు పార్కింగ్ లైటు వేయరు కాబట్టి ఏ గొడవా లేదు. మంచు, తేమ వల్లేమో అని మీరు అనుకున్నారు గానీ వాతావరణానికి దీనితో సంబంధం లేదు. ఆ వైరు చేతికి వెచ్చగా తగిలిందని రాసినప్పుడే నాకు భయం వేసింది. 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాక ఇక పోవట్లేదని సంతోషపడ్డారు, ఆ మిగిలిన కరెంటంతా ఆ వైరే మోస్తోంది మరి.

నా అంచనా నిజమో కాదో తేల్చుకోవడానికి పానా కూడా అక్కర్లేదు. చీకటి పడ్డాక లైట్ స్విచ్ పూర్తిగా ఆఫ్ చేసి కీ మాత్రం ఆన్ చేయండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. దిగి వెనక్కి వెళ్లి చూడండి. టెయిల్ ల్యాంపులు, నంబర్ ప్లేటు లైటు వెలుగుతుంటే ఇదే జబ్బు. పగలు ఇన్నాళ్లూ అవి వెలుగుతూనే తిరిగారన్నమాట, ఎవరూ గమనించలేదు.

సరిచేయడం సులువు. మీటర్ల వెనక గుత్తి విప్పి ఎరుపులన్నీ ఒకవైపు, నారింజలన్నీ ఒకవైపు విడదీయండి. ఎరుపు గుత్తిని కీ లైనుకు సొంత ఫ్యూజుతో ఇవ్వండి. రెండు మూడు ఆంపియర్ల ఫ్యూజు చాలు, దొరక్కపోతే 5 పెట్టండి. నారింజ గుత్తిని పార్కింగ్ లైనుకు. ఈ రెండు గుత్తులూ ఎక్కడా తాకకూడదు. పగలూ రాత్రీ ఒకే వెలుగు కావాలంటే చాలా మీటర్లలో నారింజ వైరు దేనికీ కలపకుండా కొన మీద స్లీవు వేసి వదిలేస్తే సరిపోతుంది. ఎరుపుతో కలిపి తీరాల్సిన మీటరు అయితే, ఆ మీటరు నారింజను మిగతా నారింజల గుత్తిలోకి రానివ్వకండి. డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే ముక్క) వేయమని కొందరు సలహా ఇస్తారు. పనిచేస్తుంది, కానీ వైర్లు విడదీస్తే అయ్యేదానికి అదొక కొత్త జాయింటు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్) కూడా అక్కర్లేదు, అర ఆంపియరుకు రిలే ఎందుకు?

కలిపేముందు మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి బండి వైపు నుంచి వచ్చే వైర్లను చూడండి. కీ ఆన్, లైట్లు ఆఫ్: ఎరుపు ఫీడ్‌లో 12, నారింజ ఫీడ్‌లో సున్నా రావాలి. కీ ఆఫ్, పార్కింగ్ ఆన్: ఎరుపు సున్నా, నారింజ 12. ఈ నాలుగు రీడింగులు సరిగ్గా వస్తే మీటర్లు కలపండి. కలిపాక మళ్లీ అవే రావాలి. ఒక్కో మీటరూ కలిపి, కీ తిప్పి, లైటు వేసి చూసుకుంటూ పోండి. మూడూ ఒకేసారి పెట్టేస్తే తప్పు ఎక్కడుందో మళ్లీ మొదటినుంచి వెతకాలి.

ఫ్యూజు బాక్సులో ఉన్న ఫ్యూజు కాళ్ల సందులో వైరు దూర్చి పైన ఫ్యూజు గుచ్చి ఉంటే అది పీకేయండి. ఆ రంధ్రం వదులై, ముందు ముందు అసలు ఫ్యూజే వేడెక్కుతుంది. రెండు ఫ్యూజులు పట్టే ట్యాప్ బిళ్లలు ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. వాటికీ ఒక దిశ ఉంటుంది. రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు సాకెట్‌లో కరెంటు వచ్చే వైపు కూర్చోవాలి. తిప్పి పెడితే మీటర్ల కరెంటు కూడా అసలు ఫ్యూజు గుండానే పోతుంది. టెస్ట్ ల్యాంపుతో ఖాళీ సాకెట్ రెండు వైపులా తాకి చూస్తే ఏది కరెంటు వైపో తెలిసిపోతుంది.

ఇక ముల్లు ఊగడం. దీనికి నేను ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే ఎర్తు గురించి మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. "ఎక్కడో ఒకచోట బాడీకి తగిలిస్తే ఎర్తే కదా" అంటారు. బల్బుకైతే అది నిజమే. కొలిచే మీటరుకు కాదు.

మీ టెంపరేచర్ సెండర్‌కు ఒకటే వైరు ఉందన్నారు. అంటే దాని రెండో కొన ఇంజిన్ ఇనుమే. ఇలాంటి సెండర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, దాని మీద కనిపించే వోల్టేజీ తగ్గుతుంది, ముల్లు పైకి పోతుంది. మీటరు ఆ వోల్టేజీని తన నల్ల వైరు నుంచి లెక్కపెట్టుకుంటుంది. ఇప్పుడు ఆ నల్ల వైరును వేరే బరువైన లైట్ల ఎర్తుతో కలిపి ఒకే బోల్టుకు ఇచ్చారనుకోండి. హెడ్‌లైట్లు వేస్తే 55 వాట్ల బల్బులు రెండు, సుమారు 9 ఆంపియర్లు. ఆ బోల్టు కింద పెయింటో తుప్పో ఉండి ఓమ్‌లో ఇరవయ్యో వంతు అడ్డు ఉందంటే చాలు, 0.45 వోల్టు అక్కడే నిలిచిపోతుంది. మీటరుకు నేల అంత ఎత్తు లేచినట్టు. సెండర్ వోల్టేజీ అంత తక్కువగా కనిపిస్తుంది, తక్కువంటే వేడి అని దానికి తెలుసు. నీళ్లు అదే వేడి మీద ఉన్నాయి, ముల్లు మాత్రం పది డిగ్రీలు ఎక్కేసింది. ఇండికేటర్ బల్బులు రెండు 21 వాట్లవి, పక్కన చిన్నది ఒకటి, మొత్తం దాదాపు 4 ఆంపియర్లు వెలిగి ఆరుతూ ఉంటాయి కాబట్టి ముల్లు కూడా వాటి తాళానికే ఊగుతుంది.

చూడాల్సిన పద్ధతి ఇది. ఇంజిన్ స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు వేయండి. మల్టీమీటర్ 2 వోల్టుల డీసీ మీద పెట్టి, దాని ఒక వైరు కొన మీటరు నల్ల వైరుకు, ఇంకొకటి ఇంజిన్ బ్లాకుకు, వీలైతే సెండర్ పక్కనే, ఆనించండి. చాలామంది బ్యాటరీ నెగటివ్‌కు ఆనించి, బాగానే ఉందనుకుంటారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కరెంటు పుట్టేది డైనమోలో. లైట్లు వాడిన కరెంటు తిరిగి చేరాల్సింది డైనమోకు, అంటే ఇంజిన్ ఇనుముకు. అందుకే ఇంజిన్‌కూ మీటరు ఎర్తుకూ మధ్యే కొలవాలి. 0.05 వోల్టు లోపు ఉంటే మంచిది. 0.1 దాటిందంటే ముల్లు అబద్ధం చెబుతోంది. 0.3, 0.4 వస్తే మీరు చెప్పిన లక్షణం అదే.

ఎక్కువ వచ్చినప్పుడు ఎవరిది తప్పో విడదీయడానికి మల్టీమీటర్ ఒక కొన ఇంజిన్ మీదే ఉంచి, రెండోది ఒక్కో మెట్టూ జరపండి. మొదట బాడీ మీద, పెయింట్ లేని బోల్టు తల మీద. అక్కడే 0.3 ఉంటే ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్తు పట్టీ వదులైంది లేదా తుప్పు పట్టింది. పాత బండ్లలో ఇది చాలా మామూలు, మీటర్లు పెట్టకముందు నుంచే ఉండి ఉంటుంది, ఇప్పుడు మీటరు దాన్ని బయటపెట్టింది. బాడీ మీద సున్నాకు దగ్గరగా ఉండి మీటరు నల్ల వైరు దగ్గర మాత్రమే ఎక్కువ ఉంటే, షాపువాళ్లు ఇచ్చిన ఎర్తు జాయింటుదే తప్పు. పట్టీ విప్పి రెండు వైపులా ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి. మీటర్ల నల్ల వైర్లు మూడూ కలిపి ఒక విడి వైరుగా ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) దాటించి, రబ్బరు గ్రోమెట్ గుండా, ఇంజిన్ మీద లగ్గు వేసి బిగించండి. ఆ వైరు మీద ఇంకే బల్బూ ఫ్యానూ కలపొద్దు.

సెండర్‌ను రేడియేటర్ పైవైపు రబ్బరు పైపు (హోస్) కోసి మధ్యలో అల్యూమినియం అడాప్టర్ పెట్టి దానికి బిగించి ఉంటే ఇంకో సంగతి ఉంది. అడాప్టర్‌కు రెండు వైపులా రబ్బరే. ఎర్తు ఎక్కడినుంచి వస్తుంది? తడి వల్ల, నీటి గుండా అరకొరగా ఏదో అందుతుంది, ముల్లు ఇష్టమొచ్చినట్టు చూపిస్తుంది, సాధారణంగా ఉన్న వేడి కన్నా తక్కువ. అడాప్టర్ లోహానికే తగిలేలా ఒక వైరు కొన బిగించి ఇంజిన్‌కు తీసుకెళ్లండి. సెండర్‌ను నేరుగా ఇంజిన్‌కే బిగించి ఉంటే మరల మీద టెఫ్లాన్ టేపు ఎన్ని చుట్లు ఉందో చూడండి. ఒకటి రెండు చుట్లను మరలు కోసుకుని ఇనుమును తాకుతాయి. కొళాయికి చుట్టినట్టు చుడితే తాకవు. ఇది చదివే మిగతావాళ్లలో ఎవరి సెండర్‌కైనా రెండు వైర్లు ఉంటే ఈ పేరా వాళ్లకు వర్తించదు.

ఒక్క వైరు సెండర్ మీటరును పరీక్షించడం తేలిక. సెండర్ వైరు పీకితే ముల్లు అట్టడుగుకు, అదే వైరును ఇంజిన్ ఇనుముకు ఒక్క క్షణం తాకిస్తే పైకొసకు పోవాలి. పోతే మీటరు మంచిదే, డూప్లికేట్ మాట మర్చిపోండి. ఇది టెంపరేచర్ మీటరుకే చేయండి. మీ ఆయిల్ ప్రెషర్ సెండర్‌కు మూడు వైర్లుంటే దాన్ని ఎర్తుకు తాకించకండి. అది 5 వోల్టుల మీద నడిచే రకం, ప్రెషర్ లేనప్పుడు సిగ్నల్ వైరులో అర వోల్టు ఉంటుంది, నిండా ఉన్నప్పుడు 4.5. మల్టీమీటర్‌తో చూడటమే తప్ప తాకించడం లేదు. ఇంకోటి, ఒక మీటరుకు వేరే మీటరు సెండర్ ఎప్పుడూ వేయొద్దు. ఐరోపా రకంలో ప్రెషర్ లేనప్పుడు 10 ఓమ్‌లు, నిండితే 180. అమెరికా రకంలో లేనప్పుడు 240, నిండితే 33. కలిపేస్తే ఇంజిన్ ఆపినప్పుడు ముల్లు పైన, నడిస్తే కింద ఉంటుంది.

ఆయిల్ బొమ్మ సంగతి వైరింగ్ సమస్యలా కనిపిస్తుంది గానీ కాదు. ఇంజిన్‌కు కంపెనీ బిగించిన చిన్న ప్రెషర్ స్విచ్ ఒకటి ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి లేనప్పుడు అది ఎర్తుకు కలిసి బొమ్మ వెలిగిస్తుంది, ఒత్తిడి రాగానే తెగిపోతుంది. మీ కొత్త సెండర్‌కు చోటు కోసం ఆ స్విచ్ తీసేసి, దాని వైరుకు టేపు చుట్టి వదిలేసి ఉంటారు. కీ ఆన్ చేసి ఆ వైరును వెతికి ఇంజిన్‌కు తాకించండి, బొమ్మ వెలుగుతుంది. మీటరు ఉంది కదా, బొమ్మ ఎందుకు అనుకోవద్దు. హైవేలో ఎవరూ ముల్లును చూస్తూ నడపరు, ఎర్ర లైటు మాత్రం కంట్లో పడుతుంది. ఒక టీ ముక్క (T ఆకారపు జాయింటు) వేసి స్విచ్, సెండర్ రెండూ బిగించండి. మర చూసి కొనండి. జపాన్ డిజైన్ ఇంజిన్లలో ఎక్కువగా ఎనిమిదో వంతు అంగుళం బ్రిటిష్ పైపు మర, అంగుళానికి 28 చుట్లు. మార్కెట్లో మీటర్లతో వచ్చేవాటిలో చాలావాటిది అమెరికన్ మర, 27 చుట్లు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, మొదటి రెండు చుట్లు చేత్తో ఎక్కుతాయి కూడా. ఆ తర్వాత పానాతో బలవంతం చేస్తే పగిలేది ఇంజిన్ బ్లాకు వైపు మర. బరువైన సెండర్‌ను టీ మీద నేరుగా వేలాడదీయకుండా చిన్న హోస్ పెట్టి బాడీకి క్లాంపు చేయడం ఇంకా మేలు, ఇంజిన్ వణుకుడుకు ఇత్తడి మెడ విరిగితే ఆయిలంతా రోడ్డు మీదే.

బ్యాటరీ డౌన్ అవడానికి పైన చెప్పిన గుత్తితో సంబంధం లేదు, ఎందుకంటే కీ, లైట్లు రెండూ ఆఫ్‌లో ఉంటే ఆ లైనులో ఏమీ ఉండదు. నా అనుమానం పోయినేడు పెట్టిన వోల్ట్ మీటరు మీద. కీ తీశాక కూడా దాని అంకెలు మసగ్గా వెలుగుతుంటాయని మీరే రాశారు, అంటే దాని ఎరుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే లైనులో ఉంది. బహుశా స్టీరియో మెమరీ వైరు. 0.1 ఆంపియరు తాగితే రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు. వారానికి దాదాపు 17. మీ బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది అయితే సగం ఖాళీ. ముసలి బ్యాటరీ అయితే అక్కడే సెల్ఫ్ చేతులెత్తేస్తుంది. కొత్త మీటర్లు వచ్చాకే ఇది మొదలైందని మీకు అనిపించడానికి కారణం, ఈమధ్య బండి తక్కువగా తీస్తుండటం కావొచ్చు.

అనుమానం కాదు, కొలవండి. కీ తీసి, తలుపులు మూసి (లేదా తలుపు స్విచ్ నొక్కి పట్టి), బ్యాటరీ నెగటివ్ లగ్గు విప్పండి. మల్టీమీటర్ ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, లగ్గుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య పెట్టండి. ఆ స్థితిలో కీ తిప్పారో మల్టీమీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. పావుగంట ఆగండి. 0.05 ఆంపియరు లోపు ఉంటే బాగున్నట్టే. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ ఏది తీస్తే తగ్గుతుందో చూడండి, ముందు స్టీరియో ఫ్యూజు. పని అయ్యాక ఎర్ర వైరును మల్టీమీటర్ వోల్టుల సాకెట్‌కు తిరిగి మార్చుకోవడం మర్చిపోకండి. ఆంపియర్ సాకెట్‌లో ఉంచి బ్యాటరీ వోల్టులు చూడబోతే షార్ట్ అయినట్టే. బ్యాటరీ ఆరోగ్యం కూడా చూడండి: రాత్రంతా నిలిపి ఉంచిన బండికి పొద్దున 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగమే.

వోల్ట్ మీటరు 13.6 చూపిస్తోంది, డైనమో వీకా అని చివర్లో అడిగారు. ముందు మల్టీమీటర్‌తో బ్యాటరీ కాళ్ల మీదే చూడండి. అక్కడ 14.1 ఉంటే డైనమో బాగానే ఉంది. డాష్‌బోర్డు లైను పాత స్విచ్‌లు, కనెక్టర్లు దాటి వచ్చేసరికి అర వోల్టు పోవడం మామూలే. ఆ తేడా చూసి డైనమో మార్పించినవాళ్లు ఉన్నారు, డబ్బులు దండగ.

జాయింట్ల గురించి ఒక్క మాట. మెలిపెట్టి టేపు చుట్టినవన్నీ తీసేయండి, మన ఎండలకు డాష్‌బోర్డు కింద టేపు జిగురు కారిపోయి రెండు నెలల్లో ఊడుతుంది. మధ్యలో కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు కూడా నాకు నచ్చవు. ముఖ్యంగా నీలం క్లిప్పు మందమైన వైర్లకు, దాన్ని సన్న వైరుకు వేస్తే సరిగ్గా కొరకదు. టంకం వేసి హీట్ ష్రింక్ స్లీవు వేయండి, లేదా సరైన క్రింపింగ్ పానాతో లగ్గులు. పని చేస్తున్నంతసేపూ నెగటివ్ లగ్గు విప్పే ఉంచండి. సెండర్ వైరును ప్లగ్ వైర్లకు, ఎగ్జాస్ట్‌కు దూరంగా తీసుకెళ్లండి.

ఇది చదివే మిగతావాళ్లకు: టెంపరేచర్ మీటరు కోసం ఇంజిన్ కంప్యూటర్‌కు (ఈసీఎం) వెళ్లే సెన్సర్ వైరును కోసి కలపకండి. ఈసీఎం ఆ వైరు మీద 5 వోల్టులు పెట్టి కొలుస్తుంది. ఇంకో మీటరు దానికి తగిలిస్తే ఆ లెక్క మారిపోయి పెట్రోలు మిశ్రమమే మారిపోతుంది. కొత్త బండ్లలో పసుపు కనెక్టర్లు, పసుపు తొడుగు వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటికి టెస్ట్ ల్యాంపు కూడా ఆనించకూడదు. కొత్త బండ్లలో పార్కింగ్ లైను నేరుగా స్విచ్ నుంచి కాక కంట్రోల్ యూనిట్ నుంచి, వేగంగా వెలిగి ఆరే కరెంటుగా వస్తుంది. అందుకే కొన్నింట్లో మీటరు లైటు మినుకుమంటుంది. అక్కడ నారింజ వైరు కలపకుండా వదిలేయడమే మేలు.

రేపు చీకటి పడ్డాక టెయిల్ ల్యాంపుల పరీక్ష చేసి ఏమైందో రాయండి. దాంతోపాటు హెడ్‌లైట్లు వేసినప్పుడు మీటరు నల్ల వైరుకూ ఇంజిన్‌కూ మధ్య ఎన్ని వోల్టులు వచ్చింది, కీ తీసి పావుగంట తర్వాత ఎన్ని ఆంపియర్లు పోతోంది, ఈ రెండు రీడింగులు కావాలి. సెండర్ ఎక్కడ బిగించారో, హోస్‌లోనా ఇంజిన్‌కా, ఒక ఫొటో పెడితే ఇంకా మంచిది.